బడి దగ్గర దొరికినవారు

డ్రైవింగ్ స్కూలు మాస్టారు కుర్చీలో కూర్చుని నిమ్మళంగా భోంచేయడం పెళ్లయిన ఇన్నేళ్లలో ఎన్నిసార్లు చూసిందో ఆయన భార్య వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పగలదు. పళ్లెం చేత్తో పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గర ఒక ముద్ద, వరండాలో ఒక ముద్ద, వీధి గేటు దగ్గర మరో ముద్ద. చూసినవాళ్లు ఇంట్లో తగువై బయటికొచ్చేశాడనుకుంటారని ఆవిడ బాధ. సినిమాకి తీసుకెళ్తే టిక్కెట్టు కొని కూడా వెనక గోడకి చేరబడి చూసేవాడు. పడుకున్నా పాదాలు దుప్పటి కింద కదులుతూనే ఉండేవి. ఆయన కుదురుగా కూర్చునే చోటు భూమ్మీద ఒక్కటే, కారు సీటు. అదీ బండి కదులుతున్నంతసేపే. సిగ్నల్ దగ్గర ఆగిందంటే మళ్లీ మొదలు, స్టీరింగు మీద వేళ్లతో దరువు.

ఊళ్లో కారు నడిపేవాళ్లలో సగంమంది ఆయన శిష్యులే. బండి ఆపిన ప్రతిసారీ "హ్యాండ్‌బ్రేక్" అని గుర్తుచేస్తాడు కాబట్టి, ఆయన లేనప్పుడు అందరూ హ్యాండ్‌బ్రేక్ మాస్టారనే అంటారు. "ఊరందరి బళ్లకీ వేయిస్తారు గానీ మా ఇంటి బండికి మాత్రం ఆ సదుపాయం లేదు" అనేది భార్య. ఆయన నవ్వేవాడు. నవ్వుతూనే లేచి ఎటో వెళ్లిపోయేవాడు.

పుట్టుకతో వచ్చిన గుణం కాదిది. చిన్నప్పుడు ఎక్కడ కూర్చోబెడితే అక్కడే గంటలు గంటలు ఉండేవాడని వాళ్లమ్మ చెప్పేది. మీసాలు సరిగా రాకముందే మిలటరీలో చేరాడు. అప్పుడే యుద్ధం వచ్చింది. సొంత దేశంలో కాదు, సముద్రం అవతల, మన ప్రభుత్వం ఎవరికో మాటిచ్చినందుకు పంపిన పటాలంలో లారీ డ్రైవరు. వెళ్లేటప్పుడు సరుకులు, వచ్చేటప్పుడు గాయపడ్డవాళ్లు. తిరిగొచ్చాక దాని గురించి ఎవరైనా అడిగితే "చలి ఎక్కువ" అనేవాడు. రెండో ప్రశ్నకి జవాబు ఉండేది కాదు. మనిషే ఉండేవాడు కాదు అక్కడ.

ఒక్క విషయంలో మాత్రం మాట దాచుకోలేదు. మాజీ సైనికుల సంఘంలో పాతవాళ్లు కలిసినప్పుడు తమ పటాలం వంటవాడి ప్రస్తావన వచ్చిందంటే చాలు, మాస్టారు గొంతు లేచేది.

ఆ వంటవాడిని అందరూ సరిపోయిందా అని పిలిచేవాళ్లు. గరిటె పట్టుకుని ప్రతివాడి పళ్లెం దగ్గరికీ వచ్చి "ఉప్పు సరిపోయిందా?" అని అడిగేవాడు కాబట్టి అదే పేరైపోయింది. పటాలం వెనక్కి తగ్గుతున్న రోజుల్లో అతనికి ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చింది. గాయపడ్డవాళ్లని ఉంచిన ఒక ఊరి బడి నుంచి, కదలగలిగిన వాళ్లనే లారీల్లో ఎక్కించారు. కదపడానికి వీల్లేనివాళ్లని రెండో విడతలో తీసుకెళ్దామన్నారు. వంటవాడు మాస్టారి లారీలోనే ఎక్కాడు. తెల్లవారుతోంది, సన్నగా వాన, పళ్లు టకటకలాడే చలి. మాస్టారు తన కోటు విప్పి అతనికి తొడిగాడు. వంతెన దగ్గర లారీల వరస ఆగింది. టైరు చూసుకుందామని దిగి, తిరిగొచ్చి చూసేసరికి వెనకాల వంటవాడు లేడు. వచ్చిన దారినే వెనక్కి నడిచి వెళ్తుంటే చూశామన్నారు ఎవరో. వెతకడానికి సమయం ఇవ్వకుండా ఫిరంగి గుండ్లు పడ్డాయి. చివరి లారీ దాటగానే వంతెన కూలింది. రెండో విడత అన్నది ఇక లేదు.

శత్రువున్న వైపుకి తనంతట తాను నడిచి వెళ్లాడు కాబట్టి పారిపోయాడన్నారు. లొంగిపోయి హాయిగా ఉండుంటాడన్నారు. పై అధికారి కూడా అలాగే రాశాడు. నిలబడలేనంత జ్వరంతో ఉన్నవాడు ఎక్కడికి పారిపోతాడని మాస్టారు అప్పుడూ అడిగాడు, నలభై ఏళ్ల తర్వాత కూడా అడుగుతూనే ఉన్నాడు. మరైతే ఎందుకెళ్లాడని ఎదుటివాళ్లు అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు. లేచి బయటికెళ్లి సంఘం భవనం చుట్టూ తిరిగేవాడు.

అలాంటి సమయంలో సంఘం కార్యదర్శి ఒక కబురు తెచ్చాడు. ఆనాటి యుద్ధభూమిలో, ఆ కొండ వాలులోనే, పరాయి దేశాల నుంచి వచ్చి పోరాడినవాళ్ల కోసం పెద్ద స్మారకం కట్టారట. చెల్లాచెదురుగా పూడ్చిన వాళ్లందరినీ అక్కడికే చేర్చారట. మిగిలిన పాతవాళ్లని ప్రభుత్వ ఖర్చుతో ప్రారంభోత్సవానికి తీసుకెళ్తారు, తోడు ఒకరు రావచ్చు.

మాస్టారు రానన్నాడు. భార్య పట్టుబట్టింది. ఆవిడ లెక్క ఆవిడది: ఈ మనిషి తన కుదురంతా అక్కడే ఎక్కడో పారేసుకుని వచ్చాడు, వెళ్తే దొరుకుతుందేమో. తనకి విమానమంటే భయం కాబట్టి కూతుర్ని పంపింది. డ్రైవింగ్ స్కూలు ఆఫీసు వ్యవహారాలన్నీ ఆ అమ్మాయే చూస్తుంది. తండ్రి విమానంలో సీటు బెల్టు కట్టుకున్న మరుక్షణం నుంచీ ఎప్పుడు విప్పొచ్చని అడుగుతూనే ఉన్నాడని తర్వాత తల్లికి చెప్పింది.

స్మారకం మాస్టారు ఊహించినట్టు లేదు. ఫిరంగులు, గుర్రాలు, కత్తులు ఏమీ లేవు. కొండ వాలు పొడవునా నడుమెత్తు బూడిదరంగు రాతి గోడలు, మెట్టు మెట్టుగా. ఒక్కో గోడ వెనక సమాధులు, ముందు పేర్లు. ఒక్కో సైనికుడి పేరు అతని భాషలోనే చెక్కారు. ఏ చోట దొరికినవాళ్లని ఆ చోటు పేరు కిందే కలిపి పెట్టారు. ఉపన్యాసాలు అయ్యాయి, బాకా ఊదారు. మాస్టారు చివరి వరసలో ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ నిలబడ్డాడు. సభ ముగియగానే అందరూ తెలిసిన పేర్లు వెతుక్కుంటూ గోడల వెంట నడిచారు. కొందరు రాతిని నిమిరారు. కొందరు ఊరికే ఏడ్చారు.

కూతురే ముందు చూసింది. "నాన్నా, ఇలా రా ఒకసారి" అంది.

కింది నుంచి రెండో గోడ. పైన "బడి దగ్గర దొరికినవారు" అని ఉంది. దాని కింద ఆరు పలకలు. రెంటి మీద "పేరు తెలియదు" అని ఉంది. నాలుగో పలక మీద మాస్టారి పేరుంది. ఇంటిపేరుతో సహా. పక్కనే ఆయన మిలటరీ నెంబరు.

పేరు ఒకేలా ఉండొచ్చు, ఇద్దరికి ఒకే నెంబరు ఉండదు. మాస్టారు ఆ అక్షరాలని వేలితో ఒక్కొక్కటే తడిమాడు. తర్వాత గోడ చివరిదాకా వెళ్లాడు, వెనక్కి వచ్చాడు, మళ్లీ వెళ్లాడు. ఈలోగా చుట్టూ జనం మూగారు. పాతవాళ్లలో ఒకాయన నవ్వు ఆపుకోలేక, "ఇంకేం, నూరేళ్లాయుష్షు నీకు" అని భుజం తట్టాడు. కార్యదర్శి ముఖం మాత్రం పాలిపోయింది. పత్రికలవాళ్లు కింద టీలు తాగుతున్నారు. ఆయన మాస్టార్ని పక్కకి తీసుకెళ్లి, ఇది ఎక్కడో ఎవరో చేసిన పొరపాటు, గోల చేయొద్దు, వారం తిరక్కుండా ఆ పేరు చెరిపించి రాయి నున్నగా చేయించే పూచీ తనదని చెప్పాడు. మాస్టారు సరే అన్నట్టే తలూపాడు. అప్పటికి ఆయనకి ఏమీ తట్టలేదు. చచ్చినవాళ్ల మధ్య ఉన్న తన పేరునే మళ్లీ మళ్లీ తిరిగి చూస్తున్నాడు.

హోటలుకి తిరిగి వెళ్లే బస్సులో తట్టింది. బయట సన్నగా వాన మొదలైంది. ముందు సీట్లో కూర్చున్న ఒక పెద్దాయన చలికి కోటు కాలరు పైకి లాక్కున్నాడు. అది చూసి మాస్టారు లేచి నిలబడ్డాడు. బస్సు ఆపమన్నాడు. వాళ్ల భాష రాదు, చెయ్యి ఊపాడు. ఆ డ్రైవరుకి ఏమర్థమైందో గానీ రోడ్డు వారగా ఆపాడు. మాస్టారు వానలోకి దిగిపోయాడు. కూతురు గొడుగు పట్టుకుని వెనకాలే పరిగెత్తింది.

"కోటు నాది" అన్నాడు ఆయన. "కాలరు లోపల పట్టీ మీద పేరూ నెంబరూ సిరాతో రాసుండేవి, చాకలికి వేసినప్పుడు మారిపోకుండా. వాడి మెడలో పేరూ నెంబరూ ఉండే బిళ్ల ఉండేది కాదమ్మా. పొయ్యి దగ్గర కాలుతోందని తీసి వంటబండి మేకుకి తగిలించేవాడు. ఆ పలక కింద ఉన్నది మా వంటవాడు, సరిపోయిందా."

కూతురికి ఆ పేరు తెలుసు. చిన్నప్పటి నుంచీ విన్నదే. గొడుగు ఆయన తల మీదికి జరిపింది. బస్సులో కార్యదర్శి కిటికీలోంచి వాచీ చూపిస్తున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం విమానం. పొద్దున్నే తండ్రీ కూతురూ టాక్సీ పట్టుకుని స్మారకం దగ్గరికి వెళ్లారు. దాన్ని చూసుకునే ఆవిడ చీపురుతో మెట్లు ఊడుస్తోంది. కూతురు తన ఫోనులో మాట్లాడితే అది వాళ్ల భాషలో పలికేది, ఆవిడ మాట్లాడితే మన భాషలో పలికేది. మొదట్లో ఫోను చెప్పింది ఆవిడకి అర్థం కాలేదు. ఈ మనిషి చచ్చిపోయాడు, అందుకని పేరు మార్చాలి అని చెప్పినట్టుంది. ఆవిడ మాస్టార్ని ఎగాదిగా చూసింది. కూతురు చేతి సైగలతో సర్దిచెప్పాక, చీపురు పక్కన పెట్టి ఆ గోడ దగ్గరికి తీసుకెళ్లింది.

బడి ఊరు ఆవిడ సొంతూరే. ఆ బడి మీద బాంబు పడ్డ మర్నాడు అక్కడ దొరికినవాళ్లని పూడ్చినవాళ్లలో ఆవిడ తండ్రి ఉన్నాడు. తండ్రి తనకి చెప్పినదే ఆవిడ చెప్పింది. గదిలో ఐదుగురు పడకల మీద ఉన్నారు, వాళ్లు కదల్లేనివాళ్లు. ఆరోవాడు వెనక వరండాలో, ఇటుకలు పేర్చి చేసిన పొయ్యి దగ్గర పడున్నాడు. గిన్నెలో గంజి లాంటిదేదో సగం ఉడికి ఉంది. ఒంటి మీద మంచి కోటుంది. ఆ కోటు లోపలి రాత చూసే వచ్చిన అధికారులకి పేరు చెప్పారు.

మాస్టారు మూడుసార్లు అడిగాడు, ఐదుగురికీ పాత గాయాల కట్లున్నాయా, ఆరోవాడికి లేవా అని. ఫోను మూడుసార్లూ అదే జవాబు చెప్పింది. నలభై ఏళ్లుగా తను చెప్పలేకపోయిన జవాబు అదే. అంతమందికి తిండి పెట్టేవాళ్లు ఎవరూ లేరని గుర్తొచ్చి, జ్వరంతోనే దిగి నడుచుకుంటూ వెళ్లాడు వంటవాడు.

విమానాశ్రయంలో కార్యదర్శిని పట్టుకుని, తన పేరు చెరిపించొద్దని చెప్పాడు మాస్టారు. కార్యదర్శి తల పట్టుకున్నాడు. బతికున్న మనిషి పేరు సమాధి మీద ఎలా ఉంచుతామన్నాడు.

"వాడి పేరు సిద్ధమయ్యేదాకా ఉండనివ్వండి" అన్నాడు మాస్టారు. "నాది చెరిపేస్తే ఆ చోట ఇంక ఎవరూ ఉండరు. వాడు రెండోసారి తప్పిపోతాడు."

ఇంటికొచ్చాక ఆయన భార్యకి అర్థమైంది, తను పంపింది తప్పో ఒప్పో గానీ ఉన్న కుదురు కూడా పోయిందని. అంతకుముందు వీధి గేటు దాకా నడిచేవాడు ఇప్పుడు వీధి చివరిదాకా నడుస్తున్నాడు. నేర్చుకోవడానికొచ్చినవాళ్లు ఎడమకి తిప్పమంటే కుడికి తిప్పినా పట్టించుకోవట్లేదు. వెళ్లొచ్చిన మిలటరీ రికార్డుల ఆఫీసుకే మళ్లీ వెళ్తున్నాడు. వాళ్లు చెప్పింది ఒకటే. పారిపోయాడని రాసున్న మనిషి పేరు స్మారకం మీదికి ఎక్కాలంటే ఎముకల పరీక్ష జరగాలి. దానికి రక్తసంబంధం ఉన్నవాళ్లెవరైనా కావాలి. పెద్ద కష్టమేం కాదు, బుగ్గ లోపల దూదితో తుడిచి ఇస్తే చాలు.

వంటవాడికి పెళ్లి కాలేదు. అమ్మానాన్నలు అప్పటికే లేరు. రేవు ఉన్న ఊళ్లో చెల్లెలుందని, కుట్టుపని నేర్చుకుంటోందని అతను చెప్పడం మాస్టారికి గుర్తుంది. అంతకుమించి తెలియదు. ఒక ఆదివారం స్కూలు కారు తీశాడు. భార్య తనూ వస్తానంది. ఆ కారులో నేర్పేవాళ్లు కూర్చునే వైపు కూడా బ్రేకు ఉంటుంది. ఆవిడ కూర్చుంది ఆ వైపే. లారీ ఎదురొచ్చినప్పుడల్లా భయపడి ఆవిడ తొక్కడం, బండి గుంజుకుని ఆగడం, వెనకవాళ్లు హారను కొట్టడం.

"నువ్వు కాలు తియ్యవే" అనేవాడు.

"మీరు మెల్లిగా వెళ్తే నేనెందుకు తొక్కుతాను" అనేది ఆవిడ.

అలా పోట్లాడుకుంటూనే ఊరు చేరారు. రేవు వెనక సందుల్లో కుట్టుపనివాళ్లని అడుగుతూ తిరిగారు. మిలటరీకి వెళ్లిన అన్న, తిరిగి రానివాడు అనగానే ఒక ముసలి దర్జీ వేలు చూపించాడు. పారిపోయినవాడి చెల్లెలా, అదిగో ఆ కర్టెన్ల కొట్టు అన్నాడు.

కొట్టు ఇరుకుగా ఉంది. పైనుంచి కిందిదాకా గుడ్డల తానులు, మధ్యలో ఒక మిషను, దాని వెనక ముక్కు చివర కళ్లజోడు పెట్టుకున్న ఆవిడ. జుట్టు నెరిసింది గానీ చేతుల వేగం తగ్గలేదు. కర్టెన్లు కావాలేమో అనుకుని కిటికీ కొలతలు తెచ్చారా అని అడిగింది. మాస్టారు తనెవరో చెప్పాడు. మిషను ఆగింది. భార్య స్టూలు మీద కూర్చుంది. ఆయన తానుల మధ్యే అటు రెండడుగులు ఇటు రెండడుగులు వేస్తూ, కోటు నుంచి పొయ్యి దాకా అంతా చెప్పాడు. పారిపోలేదని చెబితే ఆవిడ సంతోషిస్తుందనుకున్నాడు. దారి పొడవునా ఆ సంతోషాన్నే ఊహించుకుంటూ వచ్చాడు.

ఆవిడ కళ్లజోడు తీసి గుడ్డతో తుడుచుకుంది. చాలాసేపు తుడుస్తూనే ఉంది.

"మా అన్నయ్య అక్కడ హోటలు పెట్టుకున్నాడు" అంది చివరికి. "ఎవర్నో పెళ్లి చేసుకున్నాడు. ఇద్దరు పిల్లలు. పిల్లకి నా పేరే పెట్టుంటాడు. వీధిలో అందరూ పారిపోయాడు, పారిపోయాడు అని ముఖం మీదే అనేవాళ్లు. పారిపోయాడంటే ఎక్కడో బతికున్నట్టే కదా అనుకునేదాన్ని. ఒక్క ఉత్తరం ముక్క రాయలేదని రోజూ తిట్టేదాన్ని. మొన్న కూడా తిట్టాను. మీరు నాకు అన్నయ్యని తెచ్చారా, తీసుకెళ్లిపోవడానికొచ్చారా?"

భార్య ఏదో చెప్పబోయింది. చెల్లెలు చెయ్యెత్తి ఆపింది. దూదీ వద్దు, పరీక్షా వద్దు, నోరు తెరిచేది లేదు, ఇక వెళ్లండి అంది. వాళ్లు మెట్లు దిగుతుండగానే మిషను చప్పుడు మళ్లీ మొదలైంది, ముందుకంటే వేగంగా.

తిరుగుదారిలో భార్య బ్రేకు మీద కాలు పెట్టలేదు. ఆయన అంత మెల్లిగా నడిపాడు. నిజం చెప్పడం మంచిదే కదా అని ఒకసారి, అసలు చెప్పకుండా ఉండాల్సిందా అని ఇంకోసారి అడిగాడు. ఇల్లు దగ్గరపడ్డాక ఆవిడ, "మళ్లీ వెళ్లండి. దూది అడక్కుండా వెళ్లండి" అని మాత్రం అంది.

అలాగే వెళ్లాడు. మొదటిసారి ఆవిడ పలకరించలేదు. గుమ్మంలో కాసేపు నిలబడి వచ్చేశాడు. రెండోసారి వెళ్లేసరికి ఆవిడ నిచ్చెనెక్కి పై అరలోంచి తాను లాగుతోంది, బరువుకి నిచ్చెన ఊగుతోంది. మాస్టారు వెళ్లి నిచ్చెన పట్టుకున్నాడు. ఆవిడ వద్దనలేదు. దిగాక, ఈ మూటలు పక్కవీధిలో హోటల్లో ఇవ్వాలి, ఊరికే తిరిగే కాళ్లేగా, ఇచ్చి రండి అంది. ఇచ్చొచ్చాడు. అప్పట్నుంచీ నెలకి రెండుమూడు ఆదివారాలు వెళ్లేవాడు. మూటలు మోసేవాడు, కర్టెన్ల కడ్డీలు బిగించేవాడు. వెళ్లకముందు రోజంతా ఇంట్లో ఒకటే హైరానా, వెళ్లొచ్చాక ఇంకా ఎక్కువ. ఆవిడ ఒక్కమాట తేల్చకుండా ఎన్నాళ్లిలా తిప్పుతుందని కూతురు విసుక్కుంది. ఆఫీసువాళ్లు కూడా అదే అడుగుతున్నారు. స్మారకం వాళ్లు ఆ పలక సంగతి త్వరగా తేల్చమని కబురు మీద కబురు పంపుతున్నారట.

వానాకాలం వచ్చింది. ఒకరోజు జోరుగా వాన కురుస్తుంటే కొట్టుకి బేరాలు లేవు. ఆవిడ కత్తెర చేతిలో పట్టుకుని ఊరికే కూర్చుంది. మాస్టారు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"అక్కడ వాడికేం పని ఉండేది?" అని అడిగింది, ఆయన వైపు చూడకుండానే.

ఆయన చెప్పాడు. ఎలా వండేవాడో, ఎవర్ని ఎలా విసుక్కునేవాడో, తడిసిన పుల్లలతో కూడా పొయ్యి ఎలా రాజేసేవాడో చెప్పాడు. అందరూ తిన్నాక చివర్న తినేవాడా అని ఆవిడ అడిగితే, లేదమ్మా, అందరికంటే ముందు రుచి చూస్తున్నానని చెప్పి సగం కడుపు నింపుకునేవాడు అన్నాడు. ఆవిడకి నవ్వొచ్చింది. ఇంట్లోనూ అంతే, దొంగ అంది. పాటలు పాడేవాడా అని అడిగితే తనకి తెలియదన్నాడు. నా గురించి చెప్పేవాడా అంటే, కుట్టుపని నేర్చుకుంటోందని ఒకసారి చెప్పాడు, అదొక్కటే గుర్తుంది అన్నాడు. ఇంకా ఏదో కల్పించి చెబితే బాగుండేదని ఆయనకి అనిపించింది గానీ నోరు రాలేదు. ఆవిడ కూడా రెట్టించలేదు.

చాలాసేపటికి మళ్లీ అడిగింది. "చలి వేసుంటుందా వాడికి?"

"కోటు మంచిది చెల్లెమ్మా" అన్నాడు మాస్టారు. ఆవిడని అలా పిలవడం అదే మొదలు. "లోపల దళసరి ఉన్ని. వేసేటప్పుడు గుండీలన్నీ నేనే పెట్టాను. ఒంటి మీదే ఉందని అక్కడావిడ చెప్పింది. పొయ్యి కూడా పక్కనే ఉంది. చలి వేసుండదు."

ఆవిడ కత్తెర బల్ల మీద పెట్టింది. వాన తగ్గింది. ఆయన వెళ్లే ముందు, ఆ దూదివాళ్లని పంపించండి అంది.

పరీక్ష ఫలితం రావడానికి వేసవి దాకా పట్టింది. ఆ నెలలు మాస్టారికి ఎలా గడిచాయో భార్యకే తెలుసు. ఒకవేళ తను అనుకున్నది తప్పయితే? ఆ కోటు మరెవరైనా తీసి వేసుకుని ఉంటే? ఉన్న అన్నని చంపేసి, దొరికిన అన్నని కూడా లాగేసుకున్నవాడినవుతానే అని మథనపడ్డాడు. చెప్పుల అడుగులు అరిగిపోయి కొత్తవి కొనాల్సొచ్చింది. చివరికి కార్యదర్శే ఫోను చేశాడు. ఎముకలు వంటవాడివేనని తేలింది. పారిపోయాడన్న మాట కొట్టేసి, విధుల్లో ఉండగా చనిపోయాడని మార్చడానికి ఆఫీసు ఒప్పుకుంది. ఆ మార్పు మాత్రం మరో ఏడాది దాకా జరగలేదు, మాస్టారు తిరగాల్సిన తిరుగుడు తిరిగాక గానీ.

రాయి పని ముందే అయింది. పాత పలక తీసేసి కొత్తది పెట్టారు. ఈసారి వెళ్లింది మాస్టారు, ఆయన భార్య, వంటవాడి చెల్లెలు. విమానమంటే భయపడే ఆవిడ, తోటి ఆడమనిషి ఒక్కతే మగవాడి వెంట అంత దూరం ఎలా వెళ్తుందని గుండె చిక్కబట్టుకుని బయల్దేరింది. దారి పొడవునా ఇద్దరు ఆడవాళ్లూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకునే కూర్చున్నారు. ఎవరు ఎవరికి ధైర్యం చెబుతున్నారో తెలియలేదు.

గోడ ముందు చెల్లెలు ఏడవలేదు. పేరు చదివింది, తండ్రి పేరు సరిగా రాశారో లేదో చూసింది. రాతి మీద పడ్డ ఎండుటాకుని తీసి పక్కన పడేసింది. ఒక్కమాట కూడా రాయలేకపోయావా అనడానికి ఇక వీల్లేకుండా పోయింది కదరా అని గొణిగింది. మాస్టారు పక్కకి జరిగాడు. తన పేరు లేని ఆ గోడని చూస్తే తేలిగ్గా ఉంటుందనుకున్నాడు. కానీ కళ్లు పక్కనున్న రెండు పలకల మీదికే పోయాయి. పేరు తెలియదు, పేరు తెలియదు. ఆ బడి గదిలో తన లారీలోంచి ఎవరెవర్ని దింపాడో గుర్తు తెచ్చుకోవడానికి అక్కడే ప్రయత్నం మొదలుపెట్టాడు. భార్య ఆయన ముఖం చూసి, ఇంకో రెండు ఊళ్ల ప్రయాణం ఉన్నట్టే ఉంది అనుకుంది.

చెల్లెలు బడి చూస్తానంది. టాక్సీలో వెళ్లారు. పాత బడి ఎప్పుడో పోయింది. అదే చోట కొత్తది కట్టారు, రెండంతస్తులు, పసుపురంగు గోడలు. లోపల పాఠాలు జరుగుతున్నాయి. గేటు దగ్గర కాపలావాడు లోపలికి వీల్లేదన్నాడు. ఆవిడ తన భాషలో గట్టిగా వాదించింది, అతను తన భాషలో అంతే గట్టిగా వాదించాడు. ఎవరి మాట ఎవరికీ అర్థం కాలేదు. చివరికి అతనే గేటు కొంచెం తీసి, అంతవరకే అని చేత్తో గీత గీసినట్టు చూపించాడు. భవనం వెనకవైపు కుళాయి దాకా.

ఆవిడ వెళ్లింది. కుళాయి పక్కన పిల్లల నీళ్ల సీసాలు వరసగా ఉన్నాయి. ఒక కిటికీలోంచి ఎవరో ఎక్కం అప్పచెబుతున్న రాగం వినిపిస్తోంది. ఆవిడ అటూ ఇటూ నేల మీద చూసింది. చూడ్డానికి అక్కడేమీ లేదు, సిమెంటు గచ్చు. కుళాయి తిప్పి ముఖం కడుక్కుని, దోసిట్లో నీళ్లు పట్టుకుని తాగింది. మాస్టారు అప్పటికే ప్రహరీ చుట్టూ తిరిగొచ్చి మళ్లీ గేటు దగ్గరికి చేరాడు.

ఆవిడ బయటికొచ్చి కాపలావాడికి తలూపింది.

"పదండి" అంది. "కొట్టు మూసి చాలా రోజులైంది."